పిలవని పేరంటానికి కుర్చీ వేయండి: అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత చూసే సభ్యులందరికీ నమస్కారాలు.

నవంబరు నెల నాలుగో గురువారం అమెరికన్లు కృతజ్ఞతలు చెప్పుకునే థాంక్స్‌గివింగ్ పండుగ గురించి మీకొక విన్నపం చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. దీపావళి సంబరాలు ముగిసి, సంక్రాంతి ముగ్గుల పోటీల ప్రకటనలు ఇంకా మొదలుకాని ఆ మధ్య రోజుల్లో ఈ పండుగ వస్తుంది కాబట్టి, మన సంఘాలు చాలావరకు దీనిని నాలుగు రోజుల సెలవుగానే చూస్తున్నాయి. ఆ రోజు చాలా విశ్వవిద్యాలయాల్లో భోజనశాలలు మూతబడతాయి, బస్సులు అరకొరగా తిరుగుతాయి, పక్క గదుల్లోని అమెరికన్ విద్యార్థులు బుధవారం సాయంత్రానికే సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. ఆగస్టులో హైదరాబాదులో విమానమెక్కి వచ్చిన మన పిల్లలకు మాత్రం ఖాళీ భవనం, అందులో తమ గది, మర్నాటి తగ్గింపు ధరల కోసం ఫోనులో వెతుకులాట మిగులుతాయి. ఆ గురువారం ఉదయం నుంచి సాయంత్రం వరకు సంఘ సభ్యులు తమ ఇళ్ల తలుపులు తెరిచి ఈ పిల్లలను పిలవాలనీ, ఈ దేశ ప్రజలు తరతరాలుగా ఈ పండుగనాడు ప్రేమగా చూసుకునే ఊరేగింపును, బొమ్మల చిత్రాన్ని, హాస్య ధారావాహికలను వారితో కలిసి చూడాలనీ, వాటికి కృతజ్ఞతలు చెప్పుకోవాలనీ నా కోరిక. టీవీలో వచ్చే వినోదానికి కృతజ్ఞతలేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నాకు ఈ పండుగ అర్థమైంది ఆ వినోదం ద్వారానే కాబట్టి, ముందు ఆ సంగతి చెబుతాను.

2002 ఆగస్టులో నేను తెనాలి నుంచి మిచిగాన్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయ పట్టణానికి గణాంకశాస్త్రం చదువుకోవడానికి వచ్చాను. నలుగురు అమ్మాయిలం కలిసి అద్దెకున్న ఇంట్లో, అంతకుముందు ఉండి వెళ్లినవాళ్లు వదిలేసిన 13 అంగుళాల టీవీ ఒకటి ఉండేది. కేబుల్ పెట్టించుకునే స్తోమత లేదు. రెండు కడ్డీల యాంటెన్నాకు అల్యూమినియం రేకు చుట్టి కిటికీ పక్కన ఒక కోణంలో నిలబెడితే, మూడు నాలుగు ఛానెళ్లు నీడలు పరుచుకున్న బొమ్మలతో వచ్చేవి. నవంబరు 28 ఉదయం తోటి అమ్మాయిలు ముగ్గురూ చికాగోలో బంధువుల ఇంటికి వెళ్లి ఉన్నారు. ఇంట్లో మరో మనిషి గొంతు వినిపిస్తే చాలునని టీవీ పెట్టాను. న్యూయార్క్ వీధిలో, రెండు వైపులా ఎత్తయిన భవనాల మధ్య నుంచి, ఇంటికంటే పెద్ద బెలూను బొమ్మ ఒకటి గాలిలో తేలుతూ వస్తోంది. దాని కింద పదుల సంఖ్యలో మనుషులు ఒకే రంగు దుస్తుల్లో, తాళ్లు పట్టుకుని, గాలి లాగినప్పుడల్లా కాళ్లు నిలదొక్కుకుంటూ నడుస్తున్నారు. తిరునాళ్లలో రథం పగ్గాలు పట్టుకున్నవాళ్ల ముఖాల్లో కనిపించే శ్రద్ధే వాళ్ల ముఖాల్లోనూ ఉంది. మన పగ్గాలు రథాన్ని ముందుకు లాగడానికైతే, ఆ తాళ్లు బొమ్మను పైకి ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి. అప్పటికి నాకు మేసీస్ ఊరేగింపు పేరు కూడా తెలియదు. అయినా సోఫా అంచున కూర్చుని, అది ముగిసేదాకా కదలలేదు.

తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. ఆ ఊరేగింపు 1924లో మొదలైంది. మేసీస్ అనే పెద్ద దుకాణం ఉద్యోగులు, వారిలో యూరప్ నుంచి వలస వచ్చినవారు చాలామంది, తమ ఊళ్లలో చూసిన పండుగ ఊరేగింపుల మాదిరిగా న్యూయార్క్ వీధుల్లో నడిచారు. మొదట్లో జంతుప్రదర్శనశాల నుంచి తెచ్చిన జంతువులు ఉండేవి. 1927 నుంచి వాటి స్థానంలో బెలూను బొమ్మలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి 1944 వరకు, ఊరేగింపు ఆపేసి బొమ్మల రబ్బరును యుద్ధ అవసరాలకు ఇచ్చేశారు. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు తమ ఊరి జ్ఞాపకంతో కట్టుకున్న పండుగను, డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత మరో కొత్తగా వచ్చిన పిల్ల ఒంటరిగా కూర్చుని చూసింది. ఇందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియదు కాబట్టి ఆ తాళ్లు పట్టుకున్నవాళ్లకే చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం మా ఇంటి యజమానురాలు హీటరు చూడటానికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. నేను రైస్ కుక్కరు ముందు కూర్చుని అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ ఉండటం చూసి, కోటు వేసుకోమని చెప్పి, నన్ను తన కారులో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లారు. అక్కడ టీవీలో డెట్రాయిట్ లయన్స్ జట్టు ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. ఆ జట్టు 1934 నుంచీ, రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొన్నేళ్లు మినహాయించి, ఈ పండుగనాడు ఆడుతూనే ఉంది. వారి భర్త బతికున్నంత కాలం కదలకుండా చూసేవారట. ఆట ఆవిడకు అంతగా పట్టదు కానీ, ఆ శబ్దం లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదన్నారు. డబ్బాలోంచి బోర్లించిన క్రాన్‌బెర్రీ సాస్ పళ్లెంలో డబ్బా ఆకారంలోనే నిలబడింది. డబ్బా గాడులు కూడా దాని మీద వలయాలుగా అచ్చుపడి ఉన్నాయి. దాన్ని చాకుతో ముక్కలు కోసి నాకు వడ్డించారు. భోజనమయ్యాక, ముందు వారంలో వీడియో టేపు మీద రికార్డు చేసి పెట్టుకున్న బొమ్మల చిత్రం ఒకటి వేశారు. ఏడాదికోసారి అది చూడకపోతే తనకు పండుగ పూర్తి కాదని చెప్పారు.

ఆ చిత్రం ‘ఎ చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్’. చార్ల్స్ షుల్జ్ ‘పీనట్స్’ బొమ్మల కథల నుంచి పుట్టిన ఈ అరగంట కార్యక్రమం 1973 నవంబరు 20న సీబీఎస్ టీవీ ఛానెల్‌లో తొలిసారి ప్రసారమైంది. కథ చాలా చిన్నది. చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడు తన కుటుంబంతో అమ్మమ్మగారింటికి భోజనానికి వెళ్లవలసి ఉంటుంది. ఇంతలో పెప్పర్మింట్ ప్యాటీ అనే అమ్మాయి ఫోను చేసి, మీ ఇంటికి భోజనానికి వస్తున్నానని తానే చెప్పేసి, మరో ఇద్దరు స్నేహితులను కూడా వెంటబెట్టుకుని వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇది పిలవని పేరంటం. కాదనలేని చార్లీ బ్రౌన్‌కు వంట రాదు. అతని స్నేహితుడు లైనస్, కుక్క స్నూపీ కలిసి పెరట్లో పింగ్‌పాంగ్ బల్ల వేసి, మడత కుర్చీలు సర్దుతారు. వడ్డించేది వెన్న రాసిన కాల్చిన రొట్టె, పాప్‌కార్న్, ఉప్పు పుల్లల బిస్కెట్లు, రంగురంగుల జెల్లీ మిఠాయిలు. ఈ పండుగకు వండే టర్కీ కోడి ఏది, ‘పై’ అనే గుమ్మడికాయ తీపి వంటకం ఏదని ప్యాటీ అందరి ముందూ అతనిని నిలదీస్తుంది. చార్లీ బ్రౌన్ తల దించుకుని లేచి వెళ్లిపోతాడు. అప్పుడు మార్సీ అనే అమ్మాయి, అతను నిన్ను పిలిచాడా, నువ్వే వచ్చావా అని ప్యాటీని నెమ్మదిగా అడుగుతుంది. ప్యాటీ తన తప్పు తెలుసుకుంటుంది. చివరికి అమ్మమ్మ అందరినీ రమ్మంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆవకాయ అన్నం ముందు నుంచి లేచి వచ్చిన నాకు, ఆ పాప్‌కార్న్ పళ్లెం చూసి ఏడుపు వచ్చింది. ఉన్నదేదో పళ్లెంలో పెట్టిన పిల్లవాడి అవమానం నాకు తెలుసు. మా ఊళ్లో చెప్పకుండా బంధువులు దిగినప్పుడు, ఇంట్లో ఉన్న కందిపప్పు, అటుకులతో అమ్మ పడిన తంటాలు నేను చూశాను. ఆ చిత్రానికి విన్స్ గ్వరాల్డి కట్టిన పియానో సంగీతం, ఎక్కడా ఆర్భాటం లేకుండా, ఇంట్లో ఎవరో తమ కోసం తాము వాయించుకుంటున్నట్టు సాగుతుంది. ఆయన 1976లో, 47 ఏళ్ల వయసులోనే చనిపోయారు. ప్రతి నవంబరులో నేను కృతజ్ఞత చెప్పుకునే మొదటి పేరు ఆయనదే.

అప్పటి నుంచి ఈ పండుగ చుట్టూ జనం ప్రేమించే వినోదమంతా శ్రద్ధగా చూస్తూ వచ్చాను. చాలా చోట్ల ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపించింది. మన పిల్లలు ఇండియాలో ఉండగానే ఫోనుల్లో చూసి వచ్చే ‘ఫ్రెండ్స్’ ధారావాహికలో, 1994లో వచ్చిన మొదటి థాంక్స్‌గివింగ్ భాగం చూడండి. ఊరేగింపులోని బెలూను బొమ్మ తప్పించుకు ఎగిరిపోయిందని చూడటానికి స్నేహితులందరూ మేడ మీదికి పరుగెత్తుతారు, తాళంచెవి లోపలే ఉండిపోతుంది, పొయ్యిలో వంట మాడిపోతుంది, ఇంటికి వెళ్లలేకపోయిన ఆరుగురూ కలిసి చీజు పెట్టి కాల్చిన రొట్టె తింటారు. 1987 నాటి ‘ప్లేన్స్, ట్రెయిన్స్ అండ్ ఆటోమొబైల్స్’ సినిమాలో, ప్రయాణంలో తగులుకున్న అపరిచితుడితో దారంతా విసిగిపోయిన మనిషి, అతనికి వెళ్లడానికి ఇల్లే లేదని చివర్లో గ్రహించి, వెనక్కి వెళ్లి తనతో పాటు పండుగ భోజనానికి తీసుకొస్తాడు. అందులో పిల్లలు వినకూడని మాటలు ఉన్నాయి కాబట్టి దానిని పెద్దవాళ్లకే సూచిస్తాను. వంట చెడిపోవడం, చోటులేని మనిషికి చోటు దొరకడం: అమెరికన్లు ఈ రోజున ఎంతో ఇష్టంగా చూసే కథల్లో చాలావాటికి ఇదే ఇతివృత్తం. పండుగనాడు పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్న విద్యార్థికి ఇంతకంటే దగ్గరి కథలు ఏముంటాయి?

ఇప్పుడు మనసుకు కష్టం కలిగించే విషయం చెప్పాలి. చార్లీ బ్రౌన్ చిత్రంలోని భోజన దృశ్యంలో ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి పిల్లవాడు బల్లకు ఒక వైపు ఒంటరిగా కూర్చుని ఉంటాడు. మిగతావాళ్లు అవతలి వైపునా, చివర్లలోనూ ఉంటారు. మా యజమానురాలి ఇంట్లో మొదటిసారి చూసినప్పుడే నాకు మన మాట ఒకటి గుర్తొచ్చింది, పంక్తిభేదం. దీని గురించి ఇటీవలి సంవత్సరాల్లో చాలామంది అమెరికన్లు కూడా బాధపడ్డారు. 2024లో వచ్చిన కొత్త పీనట్స్ చిత్రంలో ఫ్రాంక్లిన్‌ను తమ వైపుకు వచ్చి కూర్చోమని స్నేహితులు పిలిచే సన్నివేశం పెట్టి, ఆ పాత లోటును దిద్దారు. అసలు ఫ్రాంక్లిన్ ఆ కథల్లోకి రావడానికి కారణం ఒక ఉత్తరం. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొద్ది రోజులకే, లాస్ ఏంజెలెస్‌లో హ్యారియెట్ గ్లిక్‌మన్ అనే ఉపాధ్యాయిని, మీ కథల్లోకి ఒక నల్లజాతి పిల్లవాడిని తీసుకురండని షుల్జ్‌కు రాశారు. అలా చేస్తే పైనుంచి దయ చూపినట్టు అవుతుందేమోనని ఆయన మొదట సందేహించారు. వారి మధ్య ఉత్తరాలు నడిచాయి. జులై 31న సముద్రపు ఒడ్డున చార్లీ బ్రౌన్ బంతిని తిరిగి తెచ్చిచ్చే పిల్లవాడిగా ఫ్రాంక్లిన్ కనిపించాడు.

పంక్తిభేదం మన దగ్గర కూడా ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక నగరంలో మనవాళ్లు ఈ పండుగ వారాంతంలో జరిపిన విందుకు నేను ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు వరుసల బల్లల మీద విరాళమిచ్చిన కుటుంబాల పేర్లున్న కాగితాలు ఉన్నాయి. విద్యార్థుల టిక్కెట్టుకు వెనుక గోడ దగ్గర, వడ్డన బల్లల తలుపు పక్కన, చోటు చూపించారు. ముందు బల్లల వద్ద ఖాళీ కుర్చీలు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ప్లేటు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడే తిన్నది, ఎందుకని అడిగితే అలవాటే ఆంటీ అన్నది. ఆ సంఘం పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఒక్క సంఘం తప్పు కాదు. హాలు అద్దె, భోజనం ఖర్చు, గాయకుల రాకపోకల ఖర్చు రాబట్టాలంటే విరాళాలు కావాలని నాకూ తెలుసు. మీరు సొంత పనులు మానుకుని ఎంత శ్రమపడతారో కూడా చూశాను. అందుకే ఈ ఒక్క రోజుకు హాలు వద్దు, ఇళ్లు చాలు అంటున్నాను.

ఇళ్లు చాలు అనడానికి మరో కారణం కూడా ఉంది. నేను రేకు చుట్టిన యాంటెన్నాతో ఎన్‌బీసీ ఛానెల్‌లో ఊరేగింపును ఉచితంగా చూడగలిగాను. ఆ సదుపాయం నేటికీ ఉంది. చార్లీ బ్రౌన్ సంగతి అలా లేదు. సీబీఎస్ తర్వాత 2001 నుంచి 2019 వరకు ఏబీసీలో వచ్చిన ఆ కార్యక్రమం, 2020లో ఆపిల్ సంస్థ స్ట్రీమింగ్ సేవకు వెళ్లింది. ఎంతోమంది నిరసన తెలిపాక ప్రజాప్రసార సంస్థ పీబీఎస్‌లో 2020, 2021 సంవత్సరాల్లో వేశారు. ఆ తర్వాత ఆపిల్ సంస్థ తన సేవలోనే కొద్ది రోజులు ఉచితంగా చూసే వీలు కల్పిస్తూ వచ్చింది. హక్కులు కొన్నవారి లెక్కలతో నాకు తగాదా లేదు. కానీ, టీవీ తిప్పుతుంటే ఊరికే ఎదురుపడి చూసే అవకాశం కొత్తగా వచ్చినవాళ్లకు పోయింది. అలాంటి కార్యక్రమం ఒకటి ఉందని తెలియనివాళ్లు దాని కోసం వెతకరు కదా. కాబట్టి ఇప్పుడు దానిని ఎవరో ఒకరు పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి. ఇలాంటివి హాలులో పదిమందికీ ప్రదర్శించాలంటే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. అతిథులతో కలిసి ఇంట్లో చూసుకుంటే ఆ చిక్కు రాదు.

ఈ పండుగ జాతీయ సెలవు కావడం వెనుక కూడా ఒక ఉత్తరం ఉందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సారా జొసీఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి అధ్యక్షులకు, గవర్నర్లకు రాస్తూ వచ్చి, 1863 సెప్టెంబరు 28న లింకన్‌కు రాశారు. అక్టోబరు 3న లింకన్ నవంబరు చివరి గురువారాన్ని కృతజ్ఞతా దినంగా ప్రకటించారు. 1941లో కాంగ్రెస్ దానిని నాలుగో గురువారంగా స్థిరపరిచింది. మన ఊళ్లలో కాన్వెంటు బడిలో చేరిన ప్రతి పిల్లా చేతులు కట్టుకుని అప్పజెప్పిన ‘మేరీ హాడ్ ఎ లిటిల్ లాంబ్’ రాసింది కూడా ఆవిడే. తెనాలిలో ఒకటో తరగతిలో ఆ గేయం అప్పజెప్పినప్పుడు, ఆవిడ అడిగి తెప్పించిన సెలవునాడు మిచిగాన్‌లో నాకొకరు అన్నం పెడతారని ఎవరికి తెలుసు? మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి, వాళ్లు నమ్మరు, వెతికి చూసుకుని మళ్లీ మీ దగ్గరకు వస్తారు.

పిల్లలకు మరొకటి కూడా చెప్పాలి. చార్లీ బ్రౌన్ చిత్రంలో లైనస్ చెప్పే, ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన యాత్రికుల తొలి విందు కథ, బడిలో చెప్పే కథ లాగానే, సగం కథ. ఆ నేల వాంపనోగ్ అనే మూలవాసీ ప్రజలది. వారు, వారితో పాటు మరెందరో మూలవాసులు 1970 నుంచి ప్రతి ఏటా ఇదే రోజున మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో సమావేశమై సంతాప దినం పాటిస్తున్నారు. భోజనానికి ముందు ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మన దగ్గర పెద్దవాళ్లు పండుగనాడు అశుభం మాట్లాడకూడదంటారు, నేను మాత్రం ఈ మాటను దాటవేయవద్దని కోరుతున్నాను.

మా ఇంట్లో భోజనాలయ్యాక ప్రతి ఒక్కరూ ఆ ఏడాది తమను ఆదుకున్న ఒక పాటకో, సినిమాకో, ఆటకో, బొమ్మల కథకో పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాలన్నది మేము పెట్టుకున్న పద్ధతి. 2020 నవంబరు 26న ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్లలేని పరిస్థితి. న్యూయార్క్‌లో ఊరేగింపు కూడా జనం లేకుండా టీవీ కోసమే జరిగింది. మేము వీడియో కాల్‌లో కలిశాం. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు తన వంతు వచ్చినప్పుడు, అంతకు రెండు నెలల క్రితం, సెప్టెంబరు 25న, వెళ్లిపోయిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరు చెప్పాడు. తన తాతగారి అంత్యక్రియలకు వెళ్లలేకపోయానని, ఆయనకు ఇష్టమైన పాటలన్నీ ఆ రాత్రంతా పెట్టుకుని విన్నానని అన్నాడు. తెర మీద పదకొండు చిన్న గళ్లలో పదకొండు ఇళ్లు. ఎవరూ మ్యూట్ తీయలేదు. కాసేపటికి మా పక్కింటి అమెరికన్ ఆవిడ, ఆయన ఎవరో నాకు తెలియదు, ఒక పాట వినిపించగలవా అని అడిగారు. అతను వినిపించాడు.

కాబట్టి నేను కోరే ఏర్పాటు ఇది. అక్టోబరు నెలాఖరులోగా సంఘం తరఫున రెండు జాబితాలు తయారు చేయండి. ఒకటి ఇల్లు తెరవగలిగిన కుటుంబాలది, మరొకటి రావాలనుకునే విద్యార్థులది. టిక్కెట్టు వద్దు, విరాళం వద్దు, బ్యానరు వద్దు. ఒక్కో ఇంటికి ఇద్దరు ముగ్గురు చాలు. కారు లేని పిల్లలను ఎవరు ఎక్కించుకుని రావాలో, తిరిగి ఎవరు దింపాలో ముందే రాసిపెట్టండి, ఎందుకంటే ఆ రోజు బస్సులు నమ్ముకోవడానికి లేదు. తూర్పు రాష్ట్రాల్లో ఊరేగింపు ఉదయమే మొదలవుతుంది కాబట్టి, పిల్లలను భోజనం వేళకు కాకుండా ఉప్మా వేళకే పిలవండి. టర్కీ చేయాలనే నియమం లేదు, పులిహోర చేసినా పండుగే. ఒక పళ్లెంలో మాత్రం పాప్‌కార్న్, వెన్న రాసి కాల్చిన రొట్టె పెట్టండి, అది ఎందుకో చిత్రం చూశాక వాళ్లే చెబుతారు. భోజనాల బంతిలో పెద్దలు, విద్యార్థులు కలిసి కూర్చునేలా చూడండి. పేరు ఇవ్వకుండా ఆ రోజే తలుపు తట్టినవాళ్లుంటే, ఎవరు పిలిచారని అడగవద్దు.

2002లో నన్ను కారులో ఎక్కించుకుని వెళ్లిన ఆవిడ ఇప్పుడు లేరు. ఆ వీడియో టేపును వారి అమ్మాయి నాకు ఇచ్చారు, దానిని నడిపే యంత్రం మా ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. మీ జాబితా తయారైతే నా పేరు మొదటి పంక్తిలో రాసుకోండి. మా ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఎనిమిది కుర్చీలు ఉన్నాయి, గరాజులో మరో ఆరు మడత కుర్చీలు ఉన్నాయి. ఉదయం 8:30కు తలుపు తీసి ఉంటుంది.

ఇట్లు,
మీ సభ్యులలో ఒకరు,
మిచిగాన్